కీళ్లనొప్పికి ఆకు మందు నిజంగా పనిచేస్తుందా? ఉదయగిరి, ఆత్మకూరు వైపు మొక్కలను ఎలా పరీక్షిస్తారు, ఏది ఎంతవరకు తేలింది

ఉదయగిరి దుర్గం కొండ కింద చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే ఇళ్లలో పొద్దుగూకేసరికి మణికట్టు, వేళ్లు, నడుము పట్టేయడం మామూలే. ఎక్కువగా ముస్లిం కుటుంబాలే చేసే పని ఇది. నర్ది, బిక్కి, దేవదారి లాంటి చెక్కతో గంటలకొద్దీ ఒకేచోట కూర్చుని చేయాలి. ఆత్మకూరు వైపు పొలాల్లో కూలికి పోయే ఆడవాళ్లదీ అదే బాధ, కాకపోతే మోకాళ్లు ముందు పోతాయి. నొప్పి వచ్చినప్పుడు ఇక్కడి జనానికి మూడు దారులున్నాయి. ఒకటి, మెడికల్ షాపులో ‘నొప్పి బిళ్ల’. రెండు, హకీం సాబ్ ఇచ్చే మాజూన్, నాటువైద్యుడి పసరు. మూడు, బస్టాండ్ల దగ్గర గుడ్డ పరిచి అమ్మే వేర్లు, పొడులు.

ఈ మూడింట్లో మొక్కల మందు మీద ఒక గట్టి నమ్మకం ఉంది: ‘ఆకే గదా, మేలు చేయకపోయినా కీడు చేయదు’ అని. ఈ మాటలో సగం నిజం, సగం ప్రమాదం. నొప్పిని, వాపును తగ్గించే గుణం చాలా మొక్కల్లో ఉన్న మాట వాస్తవమే. కానీ ఆ గుణం మనిషికి పనికొస్తుందా, ఎంత మోతాదులో, ఎన్నాళ్లు, కిడ్నీకి హాని లేకుండానా అన్నది పరీక్ష చేస్తే తప్ప తెలియదు. ఆ పరీక్ష ఎలా జరుగుతుంది, మన వైపు మొక్కలు అందులో ఎన్ని మెట్లు ఎక్కాయి అన్న వివరాలు ఇవి.

ఈ ప్రాంతానికి ఈ విషయం ఎందుకు ముఖ్యం

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో కీళ్లనొప్పులకు ఒక అదనపు కారణం ఉంది. అది నీళ్లలోని ఫ్లోరైడ్. మన దేశంలో మనుషుల ఎముకలను పట్టే ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య నివేదిక వచ్చింది నెల్లూరు జిల్లా నుంచే. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్లు దాన్ని ప్రచురించారు. ఉదయగిరికి ఉత్తరాన ఉన్న కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చాక విడిపోయాయి. గీత మారింది గానీ భూమి కింద రాయి మారలేదు. ఉదయగిరి, వరికుంటపాడు మండలాల్లో బోరు నీళ్ల ఫ్లోరైడ్ సమస్య ఇప్పటికీ ఉంది.

తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా సర్దుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే మొదట నడుము, మెడ, మోకాళ్లు పట్టేస్తాయి. ఆ దశలో అది మామూలు కీళ్లవాతంలాగే కనిపిస్తుంది. అందుకే చాలామంది దానికి నొప్పి బిళ్లలు, ఆకు మందులు వాడుతూ పోతారు.

ఇక్కడే చిక్కు. ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్‌ను బయటకు పంపాల్సింది కిడ్నీ. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు ఎక్కువ కాలం వాడితే దెబ్బ తినేదీ కిడ్నీయే. ఎండలో పనిచేసి ఒంట్లో నీళ్లు తగ్గినవాళ్లకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. కిడ్నీ నీరసపడితే ఫ్లోరైడ్ ఒంట్లోనే పేరుకుంటుంది, నొప్పి పెరుగుతుంది, మళ్లీ బిళ్ల. ఈ చక్రంలో చిక్కుకున్న మనిషికి కిడ్నీని పాడుచేయని నొప్పి మందు దొరికితే అంతకంటే కావాల్సింది లేదు. మొక్కల మీద ఆశ అందుకే. సరిగ్గా అందుకే, పరీక్ష లేకుండా ఏ మొక్కనూ నమ్మకూడదు కూడా.

నొప్పి, వాపు: లోపల జరిగేది

దెబ్బ తగిలినా, కీలు అరిగినా అక్కడి కణాల పొరల్లోంచి అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం విడుదలవుతుంది. దాన్ని రెండు రకాల ఎంజైములు పట్టుకుంటాయి. కాక్స్ అనే ఎంజైము దాన్ని ప్రోస్టాగ్లాండిన్లుగా మారుస్తుంది. లాక్స్ అనేది ల్యూకోట్రయీన్లుగా మారుస్తుంది. వీటివల్లే ఆ చోట రక్తం చేరి ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నరాలు చిన్న తాకిడికే నొప్పిని చెబుతాయి.

ఆస్పిరిన్ లాంటి మందులు కాక్స్‌ను అడ్డుకుంటాయని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించారు. దానికి 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఇబ్బంది ఏమిటంటే, అదే ప్రోస్టాగ్లాండిన్లు కడుపు లోపలి పొరను కాపాడతాయి, కిడ్నీకి రక్తం సరిగా అందేలా చూస్తాయి. వాటిని ఆపితే నొప్పి తగ్గుతుంది, కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ వెంట వస్తాయి. కాబట్టి మొక్కల్లో పరిశోధకులు వెతికేది కాక్స్‌ను ఆపే పదార్థాలనే కాదు. లాక్స్‌ను ఆపేవీ, నరాల మీద నేరుగా పనిచేసేవీ దొరుకుతాయేమోనని కూడా చూస్తారు.

మొక్క నుంచి బిళ్ల దాకా వచ్చినవి

ఇది గాలిలో మేడ కాదు. విల్లో చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని 1763లో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ స్టోన్ అనే పాదరి రాశారు. 1828లో జర్మనీలో బుక్నర్ ఆ బెరడు నుంచి సాలిసిన్ తీశారు. 1897లో బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ ఆ కుటుంబానికే చెందిన రసాయనాన్ని మార్చి ఆస్పిరిన్ తయారుచేశారు. బెరడు నుంచి బిళ్లకు 130 ఏళ్లకు పైగా పట్టింది.

యునానీలో కీళ్లనొప్పిని వజావుల్ మఫాసిల్ అంటారు. దానికి పేరున్న మందు మాజూన్-ఎ-సూరంజాన్. ఈ సూరంజాన్ అనే దుంప జాతి నుంచే 1820లో ఫ్రాన్స్‌లో పెల్టియే, కావంటూ కొల్చిసిన్‌ను బయటికి తీశారు. యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే గౌట్ నొప్పికి ఇప్పటికీ ఎంబీబీఎస్ డాక్టర్లు రాసే మందు అది. మోతాదు కాస్త మించితే విషం కూడా అదే. హకీములు చేదు సూరంజాన్‌ను పైపూతకూ, తీపి సూరంజాన్‌ను లోపలికీ అని వేరుచేసింది ఈ భయంతోనే.

మూడోది మన మిరపకాయ. మిరప కారానికి కారణమైన కాప్సైసిన్ నోట్లో మంట పుట్టించే నరాల ‘తలుపు’ ఏదో 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. దానికి 2021లో నోబెల్ వచ్చింది. ఆ తలుపును పదేపదే తడితే నరం అలిసిపోయి నొప్పి కబురు పంపడం మానేస్తుంది. కాప్సైసిన్ పూతలు, పట్టీలు పనిచేసేది ఇలాగే.

పరీక్ష మెట్లు

ఇప్పుడు ఒక ఆకును తీసుకుందాం. ఊళ్లో పదిమంది ‘దీంతో నొప్పి తగ్గింది’ అన్నారు. అక్కడి నుంచి కాలేజీ ల్యాబులో ఏం జరుగుతుంది?

మొదటి మెట్టు, మొక్క ఏదో తేల్చడం. ఒకే పేరుతో రెండు మూడు మొక్కలు చెలామణి అవుతాయి. అందుకని కొమ్మను ఆకు, పువ్వు, కాయతో సహా ఎండబెట్టి వృక్షశాస్త్ర నిపుణుడికి చూపించి, శాస్త్రీయ నామం ఖాయం చేసుకుని, నమూనాను దాచిపెట్టాలి. రాయలసీమ, నెల్లూరు ప్రాంత ఫార్మసీ కాలేజీలు చాలావరకు తిరుపతి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగానికి పంపుతుంటాయి. ఈ మెట్టు తప్పితే పైన కట్టిందంతా వృథా.

రెండో మెట్టు, సారం తీయడం. ఆకును నీడలో ఆరబెట్టి, పొడి చేసి, సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో పెట్టి ద్రావకంతో గంటలకొద్దీ తిప్పుతారు. హెక్సేన్‌లో నూనెలాంటివి కరుగుతాయి, ఆల్కహాలులో ఫ్లేవనాయిడ్లు, ఆల్కలాయిడ్లు, నీళ్లలో చక్కెరలు, లవణాలు. ద్రావకం ఆవిరయ్యాక మిగిలిన ముద్దే సారం. ఇంట్లో కాచే కషాయం నీటి సారం మాత్రమే. ఆల్కహాలు సారం మీద వచ్చిన ఫలితాన్ని కషాయానికి అంటగట్టడం కుదరదు.

మూడో మెట్టు, గాజు పాత్రలో పరీక్ష. గుడ్డు తెల్లసొన ప్రోటీన్‌ను వేడి చేస్తే గడ్డకడుతుంది. సారం కలిపితే ఎంత తక్కువ గడ్డకట్టిందో చూస్తారు. ఎర్ర రక్తకణాలు పగిలిపోకుండా కాపాడుతుందా, కాక్స్, లాక్స్ ఎంజైములను ఆపుతుందా అన్నవీ చూస్తారు. ఖర్చు తక్కువ, త్వరగా అయిపోతుంది. కానీ ఇక్కడ పనిచేసేవి ఒంట్లో పనిచేస్తాయన్న హామీ లేదు. పసుపే దీనికి ఉదాహరణ. కుర్కుమిన్ గాజు పాత్రలో దాదాపు అన్నిటికీ పనిచేసినట్టు కనిపిస్తుంది. మింగితే పేగుల నుంచి రక్తంలోకి చేరేది బహు కొద్ది.

నాలుగో మెట్టు, జంతువుల మీద. దీనికి ముందు కాలేజీలోని జంతు నీతి కమిటీ అనుమతి కావాలి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద ఏర్పడిన జాతీయ కమిటీ దగ్గర ఆ జంతుశాల నమోదై ఉండాలి. మొదట విషం పరీక్ష. సాధారణంగా కిలో బరువుకు 2,000 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి ప్రాణహాని ఉందేమో చూస్తారు. తర్వాత అసలు పరీక్షలు:

* హాట్ ప్లేట్: దాదాపు 55 డిగ్రీల వేడి పలక మీద చిట్టెలుకను ఉంచి, ఎన్ని సెకన్లకు కాలు నాకుతుందో, ఎగురుతుందో చూస్తారు. కాలిపోకముందే తీసేయడానికి సమయం హద్దు ఉంటుంది. మెదడు, వెన్నుపాము స్థాయిలో పనిచేసే మందులు ఇందులో తేలతాయి.
* ఎసిటిక్ యాసిడ్ పరీక్ష: పొట్టలోకి పలుచని ఆమ్లం ఎక్కిస్తే ఎలుక మెలికలు తిరుగుతుంది. మెలికలు ఎన్ని తగ్గాయో లెక్కిస్తారు. మత్తు కలిగించే మొక్క ఇచ్చినా మెలికలు తగ్గుతాయి, కాబట్టి ఇదొక్కటే చాలదు.
* ఫార్మలిన్ పరీక్ష: పాదంలో ఫార్మలిన్ ఎక్కిస్తే మొదటి 5 నిమిషాల నొప్పి నరానిది, 15 నిమిషాల తర్వాత వచ్చేది వాపుది. ఏ నొప్పి తగ్గిందో విడిగా తెలుస్తుంది.
* క్యారజీనన్ పరీక్ష: సముద్రపు నాచు నుంచి తీసిన ఈ పదార్థాన్ని ఎలుక వెనక పాదంలో ఎక్కిస్తే కొద్ది గంటల్లో వాస్తుంది. 1962లో వింటర్, ఆయన సహచరులు ప్రవేశపెట్టిన ఈ పద్ధతి ఇప్పటికీ అందరూ వాడేదే.

క్యారజీనన్ లెక్క ఇలా ఉంటుంది. మందు ఇవ్వని ఎలుకల పాదం సగటున 0.80 మిల్లీలీటర్లు వాచిందనుకుందాం. డైక్లోఫెనాక్ ఇచ్చిన గుంపులో 0.28. ఆకు సారం ఇచ్చిన గుంపులో 0.48. అంటే డైక్లోఫెనాక్ వాపును 65 శాతం, ఆకు 40 శాతం ఆపినట్టు. గుంపుకు ఆరేసి ఎలుకలు చొప్పున చేసే ఈ లెక్కతోనే ఎం.ఫార్మసీ ప్రాజెక్టులు, వ్యాసాలు వందల సంఖ్యలో వస్తుంటాయి. పత్రికల్లో ‘ఫలానా ఆకుతో కీళ్లనొప్పులకు చెక్’ అని వచ్చే వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఈ ముప్పై ఎలుకలే.

ఎలుక మోతాదు మనిషికి ఎంత?

ఈ లెక్క ఒక్కసారి వేసి చూస్తే చాలా సంగతి తెలుస్తుంది. వ్యాసాల్లో తరచూ కనిపించే మోతాదు ఎలుకకు కిలో బరువుకు 400 మిల్లీగ్రాముల సారం. ఎలుక మోతాదును మనిషికి మార్చడానికి 6.2తో భాగించడం వాడుక. 400ను 6.2తో భాగిస్తే 64.5. అరవై కిలోల మనిషికి అది 3,870 మిల్లీగ్రాములు, అంటే దగ్గర దగ్గర 4 గ్రాముల సారం. వంద గ్రాముల ఎండాకుకు 10 గ్రాముల సారం వస్తుందనుకుంటే, ఒక రోజుకే 39 గ్రాముల ఎండాకు కావాలి. పచ్చాకు ఎండితే నాలుగో వంతుకు దిగుతుందనుకుంటే 150 గ్రాములు దాటుతుంది. ఎవరూ రోజూ అంత తినరు. కప్పు కషాయంలో నాలుగు ఆకులు వేసి ‘ల్యాబులో రుజువైంది’ అనుకోవడం ఎంత దూరపు మాటో దీన్ని బట్టి తెలుస్తుంది.

చివరి మెట్టు మనిషే: ఇబ్నె సీనా చెప్పింది కూడా అదే

వెయ్యేళ్ల కిందట, 1025 ప్రాంతంలో పూర్తయిన ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’ రెండో భాగంలో ఇబ్నె సీనా మందును పరీక్షించడానికి ఏడు షరతులు పెట్టారు. మందులో బయటి గుణం ఏదీ కలిసి ఉండకూడదు. ఒకే జబ్బు ఉన్న మనిషి మీద చూడాలి, రెండు మూడు కలిసినవాడి మీద కాదు. విరుద్ధ స్వభావం ఉన్న జబ్బుల మీదా చూడాలి. మందు బలం జబ్బు బలానికి తగ్గట్టుండాలి. ఎంత సేపటికి పనిచేసిందో గమనించాలి. ఒకసారి కాదు, ప్రతిసారీ అదే ఫలితం రావాలి. చివరిగా, పరీక్ష మనిషి ఒంటి మీదే జరగాలి. సింహానికో గుర్రానికో పనిచేసింది మనిషికి పనిచేస్తుందని చెప్పలేం. యునానీని సమర్థించేవాళ్లు, విమర్శించేవాళ్లు ఇద్దరూ చదవాల్సిన పేజీ అది.

మనుషుల పరీక్షలో ఉత్తుత్తి బిళ్ల తప్పనిసరి. దీనికి కారణం ఉంది. మోకాలి నొప్పి ఎప్పుడూ ఒకేలా ఉండదు, ఎక్కువవుతూ తగ్గుతూ ఉంటుంది. మనిషి మందు కోసం వెతికేది నొప్పి బాగా ముదిరినప్పుడు. మందు వేసుకున్నా లేకున్నా రెండు వారాల్లో అది ఎంతో కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదల పేరు మందుకు పోతుంది. అందుకని సగం మందికి అసలు మందు, సగం మందికి అలాగే కనిపించే ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి, ఎవరికి ఏది వెళ్లిందో రోగికీ డాక్టరుకూ తెలియకుండా దాచి, చివర్లో తేడా చూస్తారు. 2009 జూన్ 15 నుంచి దేశంలో ఇలాంటి ప్రతి ట్రయల్‌ను సీటీఆర్‌ఐ అనే రిజిస్ట్రీలో ముందే నమోదు చేయాలి.

ఏ మొక్క ఎక్కడి దాకా వచ్చింది

వావిలి. ఉర్దూలో సంభాలూ. వాగుల వెంబడి పెరిగే పొద. బాలింతలకు వావిలాకు నీళ్లతో స్నానం చేయించడం ఇంటింటా తెలిసిందే. 1999లో మన దేశంలో, 2003లో శ్రీలంకలో ఎలుకల మీద చేసిన పరీక్షల్లో దీని ఆకు నొప్పిని, వాపును తగ్గించింది. వేడి కాపడం వల్ల కండరాలకు వచ్చే హాయి దీనికి అదనం. పైవాడకానికి పెద్దగా భయం లేదు. లోపలికి తీసుకునే మందుగా మాత్రం ఇంకా ఎలుకల మెట్టు దగ్గరే ఉన్నట్టు లెక్క.

నల్లేరు. ఉర్దూలో హడ్‌జోడ్, ఎముక అతికించేది అని అర్థం. 1960ల్లో బెనారస్ హిందూ యూనివర్సిటీలో డాక్టర్ కె.ఎన్. ఉడుప బృందం జంతువుల్లో విరిగిన ఎముక త్వరగా అతుక్కుంటుందని చూపించింది. పచ్చడిగా తినే అలవాటు మన వైపు ఉంది. ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి చింతపండు వేసి బాగా ఉడికించాలి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు రోజూ తినే మందుగా వాడకపోవడం మేలు.

ఎర్రచందనం. ఉదయగిరి, ఆత్మకూరు అడవుల్లో పెరిగేదే. వాపు మీద గంధం అరగదీసి పూయడం పాత అలవాటు. వాపును తగ్గించే గుణంపై పరిశోధనలు జరిగిన టెరోస్టిల్బీన్ అనే పదార్థానికి ఆ పేరు ఈ చెట్టు జాతి పేరు మీదే వచ్చింది. అయితే అదే పదార్థం ఇతర మొక్కల్లోనూ ఉంది. మందు కోసం అడవిలోకి పోయి చెట్టు మీద గొడ్డలి వేయాల్సిన పని లేదు, వేస్తే జైలు.

అందుగు చెట్టు జిగురు. యునానీలో కుందుర్ అంటారు. తూర్పు కనుమల ఎండు అడవుల చెట్టు ఇది. పైన చెప్పిన మెట్లన్నీ ఎక్కి మనుషుల దాకా వచ్చింది మన వైపు మందుల్లో ప్రధానంగా ఇదే. 1986లో జమ్మూ ప్రాంతీయ పరిశోధనాలయంలో జి.బి. సింగ్, సి.కె. అటల్ జంతువుల మీద పరీక్షించారు. 1992లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో అమ్మోన్ బృందం ఇందులోని బోస్వెల్లిక్ ఆమ్లాలు కాక్స్‌ను కాకుండా 5-లాక్స్‌ను అడ్డుకుంటాయని తేల్చింది. కడుపు మీద భారం తక్కువ పడొచ్చన్న ఆశ అక్కడ పుట్టింది.

తర్వాతి ఘట్టం ఆంధ్రలోనే. విజయవాడకు చెందిన లైలా సంస్థ ఈ జిగురులో బాగా పనిచేసే ఆమ్లాన్ని 30 శాతానికి పెంచి ఒక సారం తయారుచేసింది. ఏలూరులోని ఆశ్రం మెడికల్ కాలేజీలో 75 మంది మోకాలి అరుగుదల రోగుల మీద 90 రోజులు పరీక్షించారు. 25 మందికి 100 మిల్లీగ్రాములు, 25 మందికి 250, 25 మందికి ఉత్తుత్తి బిళ్ల. ఫలితాలు 2008లో అంతర్జాతీయ పత్రికలో వచ్చాయి. మందు తీసుకున్నవాళ్లకు నొప్పి స్పష్టంగా తగ్గింది, పెద్ద మోతాదు వాళ్లలో వారానికే తేడా కనిపించింది. పరిశోధక బృందంలో కంపెనీ శాస్త్రవేత్తలూ ఉన్నారన్నది, రోగుల సంఖ్య చిన్నదన్నది గుర్తుపెట్టుకోవాలి.

2014లో కాక్రేన్ సంస్థ కీళ్ల అరుగుదలకు నోటి ద్వారా వాడే మూలికల మీద 49 అధ్యయనాలను, దాదాపు 6,000 మంది రోగుల వివరాలను ఒకచోట చేర్చి చూసింది. నూరు మార్కుల నొప్పి కొలతలో, ఉత్తుత్తి బిళ్ల వాళ్లకు 40 ఉంటే, ఈ సాంద్ర సారం 100 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లకు 23 ఉంది. ఉపశమనం ఉంది, అద్భుతం మాత్రం కాదు. ఇదంతా కొలిచి తయారుచేసిన సారం గురించి. బజారులో కొన్న సాంబ్రాణి ముక్క నమిలితే ఆ ఫలితం రాదు.

కీడు చేసే ఆకులు, వేర్లు

ముష్టి గింజ, యునానీలో కుచ్లా. ఇందులో ఉన్నది స్ట్రిక్నిన్, పచ్చి విషం. శుద్ధి చేసి చాలా కొద్ది మోతాదులో వాడతారు గానీ ఇంట్లో చేసుకోకూడని మందు. శుద్ధి తప్పితే ఒళ్లంతా కొయ్యబారి, మూర్ఛలొచ్చి ప్రాణం పోతుంది.

ఈశ్వరి, గాడిదగడపాకు, యునానీ జరావంద్ ఒకే కుటుంబానివి. ఈ జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. 1993లో బెల్జియంలో బరువు తగ్గే మూలికల బిళ్లలు వాడిన ఆడవాళ్లకు వరసగా కిడ్నీలు ఎందుకు చెడిపోయాయో ఆరా తీస్తే ఈ జాతి మొక్కే కారణమని తేలింది. తర్వాత చాలామందికి మూత్రనాళ క్యాన్సర్ కూడా వచ్చింది. అసలే ఫ్లోరైడ్‌తో కిడ్నీ మీద భారం ఉన్న ఊళ్లలో ఈ వేర్లు లోపలికి తీసుకోవడం ఎంత ముప్పో చెప్పనక్కర్లేదు.

మూడో కీడు కల్తీ. ‘మూడు రోజుల్లో నొప్పి మాయం’ అనే పొడుల్లో స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ కలిపిన ఉదంతాలు చాలా దేశాల్లో బయటపడ్డాయి. అంటే మనిషి ఆకు మందు అనుకుని తినేది అదే బిళ్ల, ఎంత మోతాదో తెలియకుండా. మొహం గుండ్రంగా ఉబ్బడం, ఆకలి, బరువు పెరగడం, షుగర్ ఎక్కడం స్టెరాయిడ్ గుర్తులు. అలా అనుమానం వస్తే నెలల తరబడి వాడినదాన్ని ఉన్నపళంగా మానేయడమూ ప్రమాదమే. పొడి పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

చట్టం ఏమంటుంది

యునానీ, ఆయుర్వేద మందులు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందికే వస్తాయి. లేబుల్ మీద లైసెన్స్ నంబరు, దినుసులు, తయారీ తేదీ ఉండాలి. 2015లో కేంద్రం ‘ఫైటోఫార్మాస్యూటికల్’ అనే కొత్త తరగతి తెచ్చింది. మొక్క సారంలో కనీసం నాలుగు పదార్థాలను కొలిచి చూపించి, మామూలు మందులాగే మనుషుల మీద పరీక్షించి అనుమతి తెచ్చుకోవచ్చు. కీళ్లవాతాన్ని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. గోడల మీద, ఆటోల వెనక కనిపించే రాతల్లో చాలావరకు దాని కిందికే వస్తాయి.

ఇంట్లో గుర్తుంచుకోవాల్సినవి

* నడుము, మెడ, మోకాళ్లు మూడూ కలిసి పట్టేస్తుంటే, ఇంట్లో ఒకరికి మించి అదే బాధ ఉంటే, మందుకు ముందు బోరు నీళ్లు పరీక్ష చేయించాలి. ఫ్లోరోసిస్‌లో ఏ ఆకైనా, ఏ బిళ్లయినా నొప్పిని కాసేపు తగ్గిస్తుందే తప్ప ఫ్లోరైడ్‌ను తీసేయదు. నీళ్లు మార్చడమే అసలు వైద్యం.
* నెలకు పైగా నొప్పి బిళ్ల గానీ, కీళ్ల పొడి గానీ వాడుతున్నవాళ్లు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి.
* కాపడం, పూతలు వేరు, లోపలికి మింగేది వేరు. రెండోదానికి లేబుల్, లైసెన్స్, చదువుకున్న హకీం లేదా వైద్యుడు తప్పనిసరి.
* డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు వాడుతున్న ఆకు మందు సంగతి దాచకూడదు. రక్తం పలుచబడే మందులు, షుగర్, బీపీ బిళ్లలతో కొన్ని మూలికలు కలిస్తే ఇబ్బంది.
* గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు సొంతంగా ఏదీ మింగకూడదు.
* ‘పరిశోధనలో తేలింది’ అని ఎవరైనా అంటే ఒక్క ప్రశ్న చాలు: ఎలుకల మీదా, మనుషుల మీదా? మనుషులైతే ఎంతమంది, ఎన్ని రోజులు?

దుర్గం కొండ మీద మొక్కలకు కొదవ లేదు. వాటిని ఎరిగిన పెద్దలు, హకీములు ఇంకా ఉన్నారు. వాళ్లు చెప్పింది రాసుకుని, మొక్కను గుర్తించి, పైమెట్టు దాకా తీసుకెళ్లే పరీక్షలు జరిగితే అందుగు జిగురులాగా ఇంకొకటి దొరకొచ్చు. అంతవరకు చెంచాలు చెక్కే చేతికి వావిలాకు కాపడం పెట్టుకోవడంలో తప్పులేదు. తాగే నీళ్లను మాత్రం ముందు పరీక్ష చేయించాలి.